స్టెంటు ఉందా, టికెట్ ఎప్పుడు?

ఆర్మూరు నుంచి మెట్‌పల్లి వైపు 63వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంది కమ్మర్‌పల్లి. పసుపు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. నేను వెళ్లింది మాత్రం వారానికోసారి వచ్చి చూసిపోయే యూరాలజిస్టును కలవడానికి. ఊళ్లో ఆయన పేరుతో పనిలేదు, ‘రాళ్ల డాక్టర్’ అంటే చాలు.

గది బయట బోర్డు మీద ఎంబీబీఎస్, ఎంఎస్, ఎంసీహెచ్. ఐదున్నర, మూడు, మూడు కలిపితే పదకొండున్నరేళ్ల చదువు. ప్రవేశ పరీక్షలకు పోయిన కాలం వేరే. ఆయన సర్వీసు సంగతి బోర్డు కన్నా బల్ల మీద పడుకున్న పెద్దాయన ఒంటి మీదే బాగా కనిపించింది. డొక్క పక్కన కిడ్నీ రాయి తీసిన జానెడు పాత కోత. అదే జబ్బుకు ఆపరేషనైన కొడుకు పక్కనే ఉన్నాడు, ఒంటి మీద గీత లేదు. వీపులో చిన్న రంధ్రం చేసి రాయి తీయడం 1976లో స్వీడన్‌లో మొదలైంది. 1980లో మ్యూనిక్‌లో డాక్టర్ షౌసీ బృందం బయటి నుంచి షాక్ తరంగాలతోనే రాయిని పగలగొట్టింది. ఈ డాక్టరు చదువుకునే రోజుల్లో నేర్చింది కోత. దుర్బిన్, లేజర్ తర్వాత పని చేస్తూ నేర్చినవి.

ఒకావిడ అడిగింది: “పసుపు పండిస్తం గద సారూ, దాంతోనే రాళ్లయితయా?”

“కూరల ఏసుకునే చిటికెడుతోని ఏం గాదమ్మా. మాత్రలు మింగెటోళ్లే జర చూసుకోవాలె.”

ఆ జాగ్రత్తకు ఆధారముంది. రోజుకు మూడు గ్రాముల దాకా పసుపు తీసుకున్నవాళ్ల మూత్రంలో రాళ్లు కట్టే ఆక్సలేట్ పెరిగిందని 2008లో ఒక అమెరికన్ పరిశోధన తేల్చింది. అంతే దాల్చినచెక్కతో పెద్దగా పెరగలేదు.

వరుసలో సగం మంది గల్ఫ్ పోయొచ్చినవాళ్లే. “నీళ్లు తాగితే మాటిమాటికి పోవాల్సొస్తదని తాగకపోదుం” అన్నాడొకతను. మండే ఎండ, చెమట, చిక్కబడ్డ మూత్రం. రాయి కట్టడానికి ఇంకేం కావాలి? రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలంటారు డాక్టరు. ఎన్ని గ్లాసులో చెప్పరు, ఎండను బట్టి అది మారుతుంది కాబట్టి.

నాకు అన్నిటికన్నా నచ్చింది కాంపౌండర్ దగ్గరున్న నోటుబుక్కు. లేజర్ ఆపరేషన్ తర్వాత కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా సన్నని గొట్టం, డీజే స్టెంటు, పెడతారు. కొన్ని వారాల్లో తీసేయాలి. నొప్పి తగ్గగానే మనిషి విమానమెక్కేస్తాడు. నెలల తరబడి లోపలే మరిచిపోతే దాని మీదే రాయి పేరుకుంటుంది, కిడ్నీకే ముప్పు. అందుకే ఆ నోటుబుక్కులో స్టెంటు పెట్టిన ప్రతి ఒక్కరి ఫోన్ నంబరుతో పాటు ఇంట్లోవాళ్లదీ రాసి ఉంది.

చివర్లో వచ్చిన కుర్రాడు రిపోర్టులు తీయబోయాడు. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టి, “ముందుగాల టికెట్ ఎప్పుడో చెప్పు బిడ్డా” అన్నారు.

“వచ్చే బేస్తారం సార్.”

“క్యాన్సిల్ చేపియ్యి. స్టెంట్ తీసినంక పోదువు.”