ఎడమవైపు మౌనం

నిరుటి వేసవి సెలవులకు భిలాయి వచ్చిన మా మనుమడు తిరిగి వెళుతూ తన హెడ్‌ఫోన్స్‌ను నా బల్లమీద విడిచి వెళ్ళాడు. "ఎడమవైపు వినిపించడం లేదు, పారెయ్ తాతయ్యా" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి 1978లో ఈ ఉక్కునగరానికి వచ్చి, ముప్పై ఆరు సంవత్సరాలు విద్యుత్ మరమ్మతులలోనే గడిపిన నాకు ఆ ‘పారెయ్’ అనే మాట రుచించలేదు.

మిల్లులో మోటారు ఆగిపోతే ముందుగా మోటారును విప్పము. సరఫరా వస్తున్నదా, తీగ బాగున్నదా అని చూసిన తరువాతనే దాని జోలికి పోతాము. ఆ క్రమమే ఇక్కడా పాటించాను. ఫోను సెట్టింగులలో కుడి ఎడమల శబ్దాన్ని సరిచూసే గీత ఒకటి ఉంటుంది. అది ఒక పక్కకు జరిగితే రెండవ వైపు మూగబోతుంది. మా ఫోనులో అది నడుమనే ఉన్నది. వేరొక హెడ్‌ఫోన్స్ తగిలిస్తే రెండు వైపులా పలికింది. కనుక ఫోను నిర్దోషి. ప్లగ్గు దగ్గర తీగను మెల్లగా వంచి చూడగా ఎడమవైపు ఒక్క క్షణం పలికి ఆగిపోయింది. దొంగ దొరికాడు! మాటిమాటికీ వంగే ఆ మెడ దగ్గరనే తీగ లోపల తెగుతుంది.

పరీక్షకు ఏ పాట పెట్టాలన్నది కూడా ముఖ్యమే. 1957 నాటి ‘మాయాబజార్’ వంటి చిత్రాల పాటలు రెండు వైపులకూ ఒకే శబ్దాన్ని ఇచ్చే పద్ధతిలో రికార్డయినవి. ఒక వైపు మూగబోయినా ఘంటసాలగారి గొంతుకు లోటు రాదు. తరువాతి కాలపు స్టీరియో పాటలలోనైతే వయొలిన్లు ఒక వైపు, తబలా ఒక వైపు ఉండి, సగం వాద్యబృందమే మాయమవుతుంది. రెండు వైపుల బలాన్ని సరిపోల్చాలంటే మాత్రం పాత పాటే మేలు.

పవర్ హౌస్ బజారుకు వెళ్ళి కొత్త ప్లగ్గు తెచ్చాను. ప్లగ్గు కొన ఎడమ చెవికి, దాని తరువాతి వలయం కుడి చెవికి, చివరిది రెండింటికీ ఉమ్మడి. లోపలి తీగలు వెంట్రుకలంత సన్నన. వాటిపై రంగుపూత ఉంటుంది. దానిని గరుకు కాగితంతో గీకివేయనిదే టంకం అంటదు. అంతా అతికించి సంబరపడేసరికి ప్లగ్గు తొడుగు బల్లమీద నన్ను చూసి నవ్వుతున్నది. దానిని ముందే తీగకు ఎక్కించాలి. ముప్పై ఆరేళ్ళ అనుభవశాలి మళ్ళీ మొదటినుంచి ప్రారంభించాడు!

మల్టీమీటరుతో చూస్తే రెండు వైపులా సమానంగా 32 ఓములు. ఇక సందేహం లేదని పాట పెట్టుకున్నాను. కుడివైపు గంభీరంగా ఉన్నది. ఎడమవైపు ఎక్కడో పొరుగింటిలో పాడుతున్నట్లున్నది. టంకం విప్పి తిరిగి వేశాను. మార్పు లేదు. చివరకు హెడ్‌ఫోన్స్‌ను తిరగవేసి పెట్టుకున్నాను. దోషం దానిలో ఉంటే ఆ నీరసం కుడి చెవికి మారాలి. మారలేదు. ఎడమ చెవి దగ్గరనే ఉండిపోయింది.

కొంతసేపు అలాగే కూర్చున్నాను. మా శ్రీమతిని పిలిచి పెట్టుకోమన్నాను. "రెండు వైపులా చక్కగా వస్తోంది కదండీ" అన్నది. విషయం చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "అయితే ఆనాడు తమ్ముడి మాట మీకు వినిపించనే లేదన్నమాట" అన్నది.

2019లో మా చిన్నవాడి వివాహంలో భోజనాల పంక్తిలో మా బావమరిది నా ఎడమపక్కన కూర్చున్నాడట. తన కుమార్తెకు వచ్చిన ఒక సంబంధం గురించి విచారించమని మూడుసార్లు అడిగాడట. నేను విస్తరినుంచి తల ఎత్తలేదట. ఆ తరువాత అతడు మా గడప తొక్కలేదు. పిల్ల పెళ్ళికి శుభలేఖ మాత్రం తపాలాలో వచ్చింది. నేనూ పంతానికి పోయి వెళ్ళలేదు.

చెవుల వైద్యులు మొదట ఎడమ చెవిలో గట్టిపడిన గుబిలిని తీశారు; సగం భారం దిగింది. పరీక్ష చేసి గీసిన పటంలో మాత్రం సన్నని స్వరాల దగ్గర రెండు గీతలూ కిందికి జారాయి, ఎడమది మరింత. తీవ్రమైన శబ్దానికి లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు నశిస్తే తిరిగి మొలవవని, సన్నని స్వరాలే ముందుగా పోతాయని, వయస్సు కూడా దానికి తోడవుతుందని చెప్పారు. తప్పు ఎవరిమీదా నెట్టలేను. విధి నిర్వహణకు ఇచ్చిన ఇయర్‌ప్లగ్గులను చొక్కా జేబులో భద్రంగా దాచుకున్న ఘనుణ్ణి నేనే.

ఆ సాయంకాలం బావమరిదికి ఫోను చేశాను. జరిగినదంతా చెప్పాను, ప్లగ్గు తొడుగు సంగతి కూడా దాచలేదు. అటువైపు చాలాసేపు మాట లేదు. ఫోను చెడిందేమోనని అనుమానం కూడా వచ్చింది.

"ఇప్పుడు ఏ చెవికి పెట్టుకున్నారు బావగారూ?" అన్నాడు చివరకు.

"కుడి చెవికే" అన్నాను.

సంక్రాంతికి పిల్లనూ, అల్లుణ్ణీ వెంటబెట్టుకుని వస్తానన్నాడు.