మీదే ఊరు?

పిల్లలూ, మనవాళ్ళు ఎక్కడ కలిసినా మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "మీదే ఊరు?" పెళ్ళిలో అడుగుతారు, రైల్లో అడుగుతారు, కూరగాయల కొట్టు దగ్గర నిలబడినా అడుగుతారు. అది ఆరా తీయడం కాదు, పలకరింపు. మీ ఊరి పేరు చెప్తే, అక్కడ తమకి తెలిసినవాళ్ళ పేరు ఒకటి చెప్పి చుట్టరికం కలుపుకుందామని వాళ్ళ ఆశ. కానీ అమ్మానాన్నలది ఒక ఊరు, మీరు పుట్టింది వేరే దేశం అయితే ఈ చిన్న ప్రశ్నకే జవాబు తోచదు.

మా ఇంట్లో ఇది పెద్ద ప్రశ్నే. మేము ఉండేది కువైట్ నగరం మధ్యలో, మిర్కాబ్ అనే పేటలో. మా అమ్మాయి కువైట్‌లోనే పుట్టింది. ఇప్పుడు పన్నెండో తరగతి చదువుతోంది. ఇక్కడ పుట్టినంత మాత్రాన మనకి ఈ దేశపు పౌరసత్వం రాదు. నా ఉద్యోగం ఉన్నన్నాళ్ళే మాకు ఇక్కడ ఉండే అనుమతి. వచ్చే ఏడాది తను కాలేజీ చదువుకి ఇండియా వెళ్ళిపోతుంది. సెలవులకి రాజమండ్రి వెళ్తే చుట్టాలు తనని "కువైట్ అమ్మాయి" అంటారు. ఇక్కడేమో కొత్తవాళ్ళు చూసి "హిందీ?" అని అడుగుతారు. అరబ్బీలో హిందీ అంటే భారతదేశం మనిషి అని అర్థం. "అక్కడివాళ్ళు ఇక్కడిదాన్నంటారు, ఇక్కడివాళ్ళు అక్కడిదాన్నంటారు. మరి నాదే ఊరు నాన్నా?" అని అడిగింది మొన్నామధ్య.

నేను వెంటనే ఊరి పేరు చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు ఇచ్చాను. ఏ ఊరి గురించి ఈ నాలుగింటికీ నువ్వు జవాబు చెప్పగలవో ఆ ఊరు నీది అన్నాను. నీళ్ళు ఎటువైపు ఉన్నాయి? ఊరికి పేరు ఎలా వచ్చింది? అక్కడివాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడివి? ఆ ఊరు ఏం పోగొట్టుకుంది? ఇద్దరం కూర్చుని రెండు ఊళ్ళకీ జవాబులు రాశాం. అవే మీకూ చెప్తాను.

ముందు రాజమండ్రి. నీళ్ళు ఎటువైపు? ఊరికి పడమర వైపు గోదావరి. మేము మాటల్లో గోదారి అంటాం. నదికి రెండు గట్లు ఉంటాయి కదా, ఏది ఎడమ, ఏది కుడి? నీళ్ళు పారే వైపు ముఖం పెట్టి నిలబడండి. మీ ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు, కుడి చేతి వైపుది కుడి గట్టు. రాజమండ్రి దగ్గర గోదారి దక్షిణానికి పారుతుంది. అందుకని ఎడమ గట్టున రాజమండ్రి, కుడి గట్టున కొవ్వూరు. సాయంత్రం రాజమండ్రి రేవు మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు కొవ్వూరు వైపు దిగిపోవడం కనిపిస్తుంది.

అక్కడ నది దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. దాని మీద మొదటి రైలు వంతెన 1900లో మొదలైంది. పేరు హేవ్‌లాక్ వంతెన. 1997 దాకా రైళ్ళు మోసి ఇప్పుడు ఊరికే నిలబడి ఉంది. 1974లో రెండోది వచ్చింది. దాని కింద రైలు, పైన బస్సులూ లారీలూ వెళ్తాయి. మూడోది విల్లుల్లాంటి కమానుల వంతెన. ఫోటోల్లో మీరు చూసేది ఎక్కువగా దాన్నే.

పేరు ఎలా వచ్చింది? పూర్తి పేరు రాజమహేంద్రవరం. రాజమహేంద్రుడు అనేది తూర్పు చాళుక్య రాజుల బిరుదు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది రాజమండ్రి అయింది. 2015లో ప్రభుత్వం పాత పేరే మళ్ళీ పెట్టింది. అయినా మా మామ్మ ఇప్పటికీ రాజమండ్రి అనే అంటుంది. పదకొండో శతాబ్దంలో ఇక్కడ రాజరాజ నరేంద్రుడు అనే రాజు ఉండేవాడు. ఆయన కొలువులోనే నన్నయ మహాభారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ అక్షరాలకి అంత పాత చరిత్ర ఉంది. తరవాత ఎన్నో వందల ఏళ్ళకి, 1881 డిసెంబరు 11న, కందుకూరి వీరేశలింగం ఇదే ఊళ్ళో ఒక వితంతువుకి మళ్ళీ పెళ్ళి జరిపించాడు. భర్త పోయిన ఆడపిల్ల మళ్ళీ పెళ్ళి చేసుకోవడం తప్పని ఊరంతా నమ్మే రోజులవి. చుట్టూ ఉన్నవాళ్ళు కాదన్నా ఆయన వెనక్కి తగ్గలేదు.

తాగే నీళ్ళు ఎక్కడివి? గోదారివే. కానీ పక్కన నది ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. 1833 ప్రాంతంలో మన జిల్లాల్లో ఘోరమైన కరువు వచ్చింది. నది నిండుగా సముద్రంలోకి పోతూనే ఉంది, పక్క పొలాలు ఎండుతూనే ఉన్నాయి. అప్పుడు ఆర్థర్ కాటన్ అనే ఇంజినీరు రాజమండ్రికి దిగువన ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. 1847లో మొదలై 1852లో పూర్తయింది. నీళ్ళు కాలవల్లోకి మళ్ళాయి. కరువు నేల వరి నేల అయింది. ఆయన పాలించే దేశం మనిషే అయినా గోదావరి జిల్లాల రైతులు ఊరూరా ఆయనకి విగ్రహాలు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పాత ఆనకట్ట చోట కొత్త బ్యారేజీ ఉంది. వానాకాలంలో మామ్మ ఫోన్ చేస్తే ముందు అక్కడి నీటి లెక్కే చెప్తుంది. 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. "రెండోది ఎగరేశార్రా" అంటే చాలు, నేను మిర్కాబ్‌లో ఉండి కూడా ఆ రాత్రి రెండు మూడుసార్లు వార్తలు చూస్తాను.

ఇప్పుడు మిర్కాబ్ సంగతి. నీళ్ళు ఎటువైపు? ఉత్తరం వైపు నడిస్తే సముద్రం వస్తుంది. నది మాత్రం లేదు. కువైట్ దేశం మొత్తం వెతికినా ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు.

పేరు ఎలా వచ్చింది? కువైట్ అంటే చిన్న కోట అని అర్థం. మిర్కాబ్ అంటే చుట్టూ కనిపెట్టి చూసే చోటు. పొలంలో మంచె మీద కూర్చుని పిట్టల్ని చూస్తారే, అలాంటి చూపు అన్నమాట. ఇప్పుడు మా పేటలో దర్జీ కొట్లు, బస్సు స్టాండు, ఇండియాకి డబ్బు పంపే కౌంటర్లు. శుక్రవారం సెలవు కదా, ఆ రోజు ఈ వీధుల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. ఒక పక్క కడపవాళ్ళ "ఏమబ్బా", ఇంకో పక్క మా గోదారివాళ్ళ "ఆయ్". మా అమ్మాయి రెండు రకాల తెలుగూ ఇక్కడే నేర్చుకుంది.

తాగే నీళ్ళు ఎక్కడివి? ఈ జవాబు రాస్తున్నప్పుడు మా అమ్మాయి కలం ఆపి "నిజమా నాన్నా?" అంది. నది లేని ఈ ఊరు ఒకప్పుడు నది నీళ్ళే తాగింది! ఇక్కడి బావుల నీళ్ళు చాలక, ఉప్పదనం భరించలేక, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెక్క పడవలేసుకుని షత్ అల్ అరబ్ అనే నదికి వెళ్ళేవాళ్ళు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు ఇరాక్‌లో కలిసి ఆ నది అవుతుంది. అక్కడ మంచినీళ్ళు నింపుకుని సముద్రం మీదుగా తెచ్చి ఇంటింటికీ అమ్మేవాళ్ళు. 1953లో సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే పెద్ద కర్మాగారం వచ్చింది. ఆ తరవాత పడవల పని తీరిపోయింది. ఇప్పుడు మా కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రమే. అందుకే మా ఇంట్లో పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టెయ్యడం చిన్నప్పటి నుంచీ నేర్పాం.

ఇక నాలుగోది: ఊరు ఏం పోగొట్టుకుంది? మంచివి మాత్రమే చెప్తే అది ప్రకటన అవుతుంది, ఊరి కథ అవ్వదు. కువైట్ నగరం చుట్టూ 1920లో మట్టి గోడ కట్టారు. 1957లో ఊరు పెరుగుతుంటే అడ్డమని పడగొట్టారు. గోడ పోయింది, ద్వారాలు మిగిలాయి. మిర్కాబ్ పాత ఇళ్ళ చోట ఎత్తైన మేడలు లేచాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించింది. లక్షమందికి పైగా భారతీయులు ఉన్నవన్నీ వదిలేసి జోర్డాన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి విమానాల్లో ఇండియా చేరారు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ ఇక్కడికే వచ్చారు.

గోదారి కూడా పోగొడుతుంది. 1986 ఆగస్టు వరద గురించి మామ్మ ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్తుంది. రాజమండ్రికి ఎగువన పోలవరం దగ్గర పెద్ద ప్రాజెక్టు కడుతున్నారు. పొలాలకి నీళ్ళు వస్తాయి, కరెంటు వస్తుంది. కానీ దానికోసం పాపికొండల దగ్గర కోయలు, కొండరెడ్లు తమ ఊళ్ళు వదిలి కొత్త కాలనీలకి పోవాల్సి వచ్చింది. వాళ్ళ పిల్లల్ని ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే, నీళ్ళ కింద ఉన్న ఊరి పేరు చెప్పాలి. ఆ ఊరు ఇంకా వాళ్ళదేనా? నాకైతే వాళ్ళదే అనిపిస్తుంది, చెప్పేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ.

ఇంకొక్క సంగతి. గోదారి పుట్టింది తెలుగు నేల మీద కాదు. మహారాష్ట్రలో, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. అక్కడికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా నది అటు పోకుండా తూర్పుకి తిరిగి, 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. నాసిక్‌లో మరాఠీవాళ్ళు మాదంటారు, రాజమండ్రిలో మేము మాదంటాం. ఇద్దరి మాటా నిజమే. ఎక్కడ పుట్టావన్న ఒక్క జవాబుతో నది కథ అయిపోదు. మీ కథా అంతే.

మా అమ్మాయి తన నోటు పుస్తకంలో చివరికి ఇలా రాసుకుంది: "మాది రాజమండ్రి. మాది మిర్కాబ్ కూడా." మధ్యలో "కానీ" అని రాసి కొట్టేసింది. ఆ కొట్టివేత చూసి నాకు ధైర్యం వచ్చింది. వచ్చే ఏడాది హాస్టల్లో ఎవరు అడిగినా తను తడబడదు.

ఇప్పుడు మీ వంతు. ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఒక పక్క మీ అమ్మమ్మదో తాతగారిదో ఊరు, ఇంకో పక్క మీరు ఇప్పుడు ఉంటున్న ఊరు. నాలుగు ప్రశ్నలకీ రెండు పక్కలా జవాబులు రాయండి. తెలియనివి ఫోన్ చేసి అడగండి. ముఖ్యంగా నాలుగోది పెద్దవాళ్ళనే అడగండి. వాళ్ళు కాసేపు ఏమీ మాట్లాడకపోతే తొందరపెట్టకండి. ఫోన్ పట్టుకునే ఉండండి, చెప్తారు.