బందరు కోట: మందమైన గోడ, ఎత్తైన చోటు



మన మందిరం చుట్టూ ప్రహరీ కట్టాలని మాట నడుస్తోంది. కొందరు ముందు గోడ, గేటు అంటున్నారు. కొందరు ముందు మేడ మెట్లు, పైన ఒక హాలు అంటున్నారు. ఇది మనసులో ఉండగానే ఈ వారం కీర్తనలు చదువుతూ ‘దుర్గం’ అనే మాట దగ్గర ఆగాను. దావీదు దేవుణ్ణి ఎన్నోసార్లు ఆ పేరుతో పిలిచాడు. ఆ మాట తలచుకుంటే నాకు బందరు కోట గుర్తొస్తుంది. ఒక పెళ్లికి మచిలీపట్నం వెళ్లినప్పుడు చూశాను. ఇప్పుడక్కడ మిగిలింది కొన్ని శిథిలాలే.

ఆ కోట ఊరి బయట, సముద్రం వైపు, బురద నేలలో ఉంది. ఒకప్పుడు దానికి 11 బురుజులు, చుట్టూ నీటి కందకం ఉండేవి. గోడ లోపల మట్టి, పైన ఇటుక తొడుగు. రాతి గోడ ఎందుకు కట్టలేదంటారా? ఫిరంగి గుండు తగిలితే ఎత్తైన రాతి గోడ పగిలి కూలుతుంది. మట్టి గోడలోనైతే గుండు దిగబడి ఆగిపోతుంది. అందుకే ఐరోపావాళ్లు ఫిరంగుల కాలంలో గోడల ఎత్తు తగ్గించి మందం పెంచారు. పైగా బందరులో చుట్టూ ఉన్న బురదే ఇంకో గోడ. దాన్ని దాటి ఎవరొస్తారని ధీమా.

1759లో ఆ కోట ఫ్రెంచివారి చేతిలో ఉంది. ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు దాన్ని ముట్టడించాడు. మన పక్క విజయనగరం ఆనందరాజు బలగాలు ఆయనతో ఉన్నాయి. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, ఆటు వేళకు కందకంలో నీరు తగ్గుతుందని చూసుకుని కదిలారు. రాజుగారి మనుషులు గేటు వైపు అలజడి చేశారు. కొందరు నైరుతి బురదలో దిగి మోసపు దాడి చేశారు. అసలు దండు ఈశాన్యపు బురుజు మీదికి ఎక్కింది. లోపలివాళ్లకు ఎటు పరుగెత్తాలో తెలియలేదు. తెల్లవారితే మట్టల ఆదివారం. ఆ ఉదయానికి కోట లొంగిపోయింది. పట్టుకున్నవాళ్లకంటే పట్టుబడినవాళ్లే ఎక్కువ!

అయితే ఆ కోటకు అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి తుఫానులో సముద్రం సుమారు 13 అడుగుల ఎత్తున లేచి బందరు మీద పడింది. దాదాపు 30 వేల మంది చనిపోయారు. కోటకు మందముంది గానీ ఎత్తు లేదు. ఫిరంగిని ఆపడానికి ఏ గోడను పొట్టిగా కట్టారో, దాన్ని నీళ్లు సులువుగా దాటాయి. కొద్ది కాలానికే సైన్యం ఆ కోటను వదిలి వెళ్లిపోయింది.

1977 నవంబరు 19న పక్కనే దివిసీమ ఉప్పెన వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు లేచాయి. వాటి కట్టుబడి కోటకు పూర్తిగా తిరగబడినట్టు ఉంటుంది. కింద స్తంభాలు, మధ్యలో ఖాళీ. నీరొస్తే ఆపరు, పోనిస్తారు. మనుషులు మాత్రం పైన ఉంటారు. కోటలో ముఖ్యమైనది గోడ, ఇక్కడ ముఖ్యమైనవి మెట్లు.

కీర్తనల్లో దుర్గం అని వచ్చే కొన్ని చోట్ల హెబ్రీ మాట ‘మిస్గాబ్’. దాని మూలంలో ఉన్న అర్థం ఎత్తు. అంటే నీళ్లు అందని చోటు. ఇంట్లో సామెతలు 18వ అధ్యాయం 10, 11 వచనాలు పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిది పరుగెత్తి వెళ్లి చేరుకునే చోటు గురించి. రెండోది ధనవంతుడు తన ఆస్తిని చూసుకుని తన ఊహలో కట్టుకున్న గోడ గురించి. ఆ రెంటి మధ్య ఎంత తేడా ఉందో ఆలోచించండి.

2014 అక్టోబరు 12 ఆదివారం మీకు గుర్తుందా? హుద్‌హుద్ గాలికి రేకులు ఎగిరిపోతుంటే పిల్లలను ఎత్తుకుని మన మందిరం స్లాబు కిందికి వచ్చిన కుటుంబాలు ఎన్నో. మీది ఏ సంఘం, ఏ కులం అని ఎవరూ అడగలేదు. ఆ రోజు మనకు ప్రహరీ లేదు, గేటూ లేదు, తాళమూ లేదు.

గోడ కావాలనేవారి బాధ కూడా నిజమే. పశువులు లోపలికి వస్తున్నాయి, సామాన్లకు కాపలా లేదు. దానికి కంచె వేసుకోవచ్చు. కానీ మన దగ్గరున్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. నన్నడిగితే ముందు మెట్లు కట్టాలి, ముసలమ్మలు కూడా ఎక్కగలిగేంత వెడల్పుగా. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుందాం. అవతలి మాట అనేవారు కూడా మొహమాటపడకుండా చెప్పండి. దూరాన ఉన్న పిల్లలు మీ అభిప్రాయం ఇంట్లో పెద్దలకు ఫోను చేసి చెప్పండి.

ఆపద వేళ పక్కవాడు పరుగెత్తి వచ్చేలా ప్రభువు మన మందిరాన్ని ఉంచును గాక. ఆమేన్.