బొడ్డుతాడు రక్తం: బ్యాంకుకా, బిడ్డకా?

'మన పూర్వీకులకు స్టెమ్ సెల్స్ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే ఊడిన బొడ్డుని తాయెత్తులో పెట్టి మొలతాడుకి కట్టేవాళ్లు.' ఈ వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మా వాడరేవు గ్రూపులో ఏడాదికి రెండుసార్లన్నా తిరుగుతుంది. అక్కకి ఏడో నెల వచ్చాక ఈ గోల ఫోన్ కాల్స్ దాకా వచ్చింది. నంబర్ ఎవరిచ్చారో తెలీదు, ఒక ప్రైవేటు కార్డ్ బ్లడ్ బ్యాంకు వాళ్లు రోజూ చేసేవాళ్లు. కాన్పు అవగానే బొడ్డుతాడులో మిగిలిన రక్తం తీసి దాస్తారట. రేపు ఇంట్లో ఎవరికి ఏ జబ్బొచ్చినా అదే మందట. 60 వేలు, వాయిదాల్లో కట్టొచ్చట.

మాకు 60 వేలంటే మాటలు కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవ మరమ్మతులు, కొత్త వలలు అన్నీ ఆ 61 రోజుల్లోనే, పైసా రాబడి లేనప్పుడే. అయినా నాన్న, "పిల్లకంటే వల ఎక్కువా? చదువుకున్నదానివి, నువ్వు చూసి చెప్పమ్మా" అన్నాడు. అక్క భయం వేరు. "వద్దనుకున్నాక రేపు ఏదన్నా అయితేనో?" అంది. ఆ ప్రశ్నకి జవాబు కోసమే వారం రోజులు చదివాను.

ముందుగా, బొడ్డుతాడు రక్తంతో వైద్యం అన్నది కట్టుకథ కాదు. 1988 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం ఫాంకోని ఎనీమియా ఉన్న ఒక అబ్బాయికి ఈ రక్తం ఎక్కించింది. అబ్బాయి కోలుకున్నాడు. ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ తర్వాత లుకేమియా, థలసీమియా లాంటి జబ్బులకీ వాడారు. ఎముక మూలుగలో ఉన్నట్టే, ఇందులోనూ రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఉంటాయి.

కాకపోతే ఆ అబ్బాయికి ఎక్కించింది అతని సొంత రక్తం కాదు, చెల్లెలు పుట్టినప్పుడు దాచింది. ఫోన్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. జన్యువుల్లోంచి వచ్చే జబ్బయితే బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే, బగ్ ఉన్న కోడ్‌కి బ్యాకప్ తీస్తే తిరిగొచ్చేది బగ్గే. పైగా తీసే రక్తం కొంచెం. పెద్దవాళ్లకి చాలాసార్లు ఆ కణాలు చాలవు. 'ఇంట్లో ఎవరికైనా' అన్న మాట అక్కడే తేలిపోతుంది.

సొంత వాడకం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో రాసింది. ఇది 'బయలాజికల్ ఇన్సూరెన్స్' కాదని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2018లో తేల్చింది. 20 ఏళ్లలోపు తన రక్తం తనకే అవసరపడే అవకాశం 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి దాకా అని అంచనా. దాచింది చెడకుండా ఉంటుందా అన్నది ఇంకో ప్రశ్న. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఏళ్ల తరబడి ఉంచాలి. సింగపూర్‌లో కార్డ్‌లైఫ్ ట్యాంకుల్లో ఉష్ణోగ్రత తేడా వచ్చి, సుమారు 2,200 యూనిట్లు పాడయ్యాయని 2023 నవంబరులో అక్కడి ఆరోగ్యశాఖ బయటపెట్టింది.

మరి ఎవరికి పనికొస్తుంది? ఇంట్లో ఇప్పటికే థలసీమియా లాంటి జబ్బున్న బిడ్డ ఉండి, రెండో కాన్పు వస్తుంటే తప్పకుండా ఆలోచించాలి. అలాంటప్పుడు దాచమని ఐఏపీ కూడా చెబుతుంది. తోబుట్టువులిద్దరికీ హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు.

నాకు గుబులు పుట్టింది ఇక్కడే. అక్కది మేనరికం. తల్లిదండ్రులిద్దరూ థలసీమియా క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు రావడానికి 25 శాతం అవకాశం ఉంది. క్యారియర్లకి పైకి ఏమీ కనపడదు. దగ్గరి సంబంధాల్లో ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అది తెలుసుకోవడానికి కావాల్సింది బ్యాంకు కాదు, హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష. ఫైలు తిరగేస్తే చీరాల డాక్టరమ్మ మూడో నెలలోనే అక్కకి చేయించిన రిపోర్టు ఉంది. క్యారియర్ కాదు. నెల రోజులు ఫోన్లు చేసినవాళ్లు ఈ పరీక్ష చేయించారా అని ఒక్కసారి కూడా అడగలేదు. మీ ఇంట్లోవి పాన్ కార్డు, వాయిదాల తేదీ మాత్రం అడుగుతారు.

రిపోర్టులో ఇంకో అంకె కనిపించింది. అక్క హిమోగ్లోబిన్ 9.2. మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. బిడ్డ పుట్టగానే బొడ్డు కోసేయకుండా కనీసం ఒక నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో సుమారు 80 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం మాయలోంచి బిడ్డకి చేరుతుంది. తర్వాతి నెలలకి కావాల్సిన ఇనుము అందులోనే ఉంటుంది. బ్యాంకు అడిగేదీ ఆ రక్తాన్నే. బిడ్డకి ఎక్కువ వదిలితే సంచిలోకి వచ్చేది తగ్గుతుంది.

అక్కకి అదే చెప్పాను. "రేపటికి దాచే రక్తం ఇవాళే వాడికి పనికొస్తుందే" అన్నాను. సరేనంది. నాన్న వలలు కొన్నాడు. కాన్పు రోజు డాక్టరమ్మ ఒకటిన్నర నిమిషం ఆగి బొడ్డు కోసిందట. పదో రోజున ఊడిన బొడ్డుని అమ్మ వెండి తాయెత్తులో పెట్టింది. ఎండిపోయిన ఆ ముక్కలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. అది ముద్దు కోసం, మందు కోసం కాదు. కట్టుకోనివ్వండి.

మీ ఇంట్లోనూ కాన్పు ఉంటే ఈ మూడూ చూసుకోండి. మూడో నెలలోపే హెచ్‌పీఎల్‌సీ చేయించండి. ఇంట్లో రక్తజబ్బున్న బిడ్డ ఉంటే బ్యాంకు ఏజెంటుని కాకుండా రక్తజబ్బుల డాక్టర్‌ని కలవండి. ఇక బొడ్డు కోసే ముందు నిమిషం ఆగుతారా అని డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. దానికి ఏ వాయిదాలూ కట్టక్కర్లేదు.