తలుపు అంచున నల్లటి రబ్బరు

మైక్రోవేవ్ ఓవెన్‌లో గిన్నె తిరుగుతుంటే చూస్తాం గానీ, తలుపు అద్దంలో ఉన్న ఆ చిల్లుల రేకుని ఎప్పుడైనా పరకాయించి చూశారా? పోయినేడు మా అత్తయ్యగారికి పేస్‌మేకర్ పెట్టేదాకా నా దృష్టీ దానిమీద పడలేదు.

ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మొదలు, చూడవచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఓవెన్ ఉన్న వంటింట్లోకి ఆవిణ్ణి రానివ్వకండి, లోపలి మిషను ఆగిపోతుంది" అని. డెబ్భై నాలుగేళ్ల మనిషి, యాభై ఏళ్లు వంటిల్లే రాజ్యంగా ఏలిన మనిషి. హాల్లో కుర్చీ వేయించుకుని "పోపు మాడుతోందే అమ్మాయ్" అని అక్కణ్ణుంచే కేకలు. రెండు వారాలకి ఆ కేకలూ మానేశారు, తిండీ తగ్గింది. నాకు భయం పట్టుకుంది.

చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగేశాను. "తలుపు సరిగ్గా ఉన్న ఓవెన్‌తో పేచీ లేదమ్మా. సెల్‌ఫోను మాత్రం ఆ పక్క జేబులో వద్దు, కనీసం 15 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఇండక్షన్ పొయ్యికి 60 సెంటీమీటర్లు" అన్నారు. పేస్‌మేకర్ పెట్టె టైటానియం లోహానిదట, అదే దానికి మొదటి కవచం.

"తలుపు సరిగ్గా ఉంటే" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయిని కూర్చోబెట్టి, నాది ఇంటర్ చదువేనే తల్లీ, వంటింటి భాషలో చెప్పు అన్నాను.

ఓవెన్‌లో పుట్టే తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రేకు చిల్లులు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత పెద్ద తరంగం అంత చిన్న చిల్లులోంచి దూరలేక వెనక్కి పోతుంది. వెలుతురు తరంగం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు, అందుకే కూర పొంగడం మనకి కనిపిస్తుంది. గాజూ పింగాణీ ఈ తరంగానికి పెద్దగా అడ్డు చెప్పవు. నీళ్లున్న కూర మాత్రం దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది.

మరి తలుపు చుట్టూ ఉండే సందు మాటేమిటి? ఎంత బిగించినా వెంట్రుకవాసి ఉంటుందిగా! అక్కడ లెక్క ప్రకారం ఒక గాడి తీస్తారు. కొన్ని ఓవెన్లలో దానికి తోడు ఫెర్రైట్ అనే ఇనుప ఆక్సైడు పొడి కలిపిన నల్లటి రబ్బరో ప్లాస్టిక్కో పట్టీగా వేస్తారు. సందులోకి జారిన కాస్త తరంగాన్నీ అది పీల్చేసుకుంటుంది. మన ఫ్రిజ్ తలుపుని చటుక్కున లాక్కునే అయస్కాంతపు పట్టీ దీనికి దాయాదే. అమెరికాలో 1971 నుంచీ నిబంధన ఉంది, ఓవెన్ ఎంత పాతబడినా 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు మించి బయటికి రాకూడదని. కనుక తలుపు అంచుల్ని తడిగుడ్డతో తుడవండి, పీచుతో గీకకండి. తలుపు వంగినా, బందులు వదులైనా ఆ ఓవెన్ని ఆపేయండి.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది వేరొకటి. అత్తయ్యగారి గుండెకి వెళ్లే తీగకి తొడుగు సాధారణంగా సిలికాన్ రబ్బరుతోనో పాలీయురెథేన్‌తోనో చేస్తారట, కరెంటు పక్కకి పోకుండా. టీవీ రిమోట్ విప్పి చూడండి, బొత్తాల రబ్బరు కూడా సిలికానే. కానీ అడుగున ఉన్న నల్ల చుక్కల్లోంచి కరెంటు పోతుంది! తేడా అంతా కలిపిన కార్బన్ పొడిలో ఉంది. నువ్వుల ఉండలు తలుచుకోండి. పాకంలో నువ్వులు పలచగా ఉంటే ఒకదానికొకటి తగలవు. పోస్తూ పోతే ఒకచోట అన్నీ తగులుకుంటాయి. కార్బన్ రేణువులూ అలా తగులుకున్నాకే కరెంటుకి దారి పడుతుంది. అలాగని మరీ ఎక్కువైతే ఉండ విరిగిపోయినట్టు రబ్బరూ పెళుసెక్కుతుంది. 1991 తర్వాత బాగా పేరుకెక్కిన కార్బన్ నానోట్యూబులు నువ్వుల్లా కాదు, సేమ్యాలాంటివి. పొడుగ్గా ఉంటాయి కాబట్టి కొద్దిగా వేసినా అల్లుకుపోతాయి. తేలికపాటి ప్లాస్టిక్‌తోనే తరంగాలకి అడ్డుగోడ కట్టడానికి ఇవి పనికొస్తాయి.

మా ఆడపడుచు సెల్‌ఫోను వెనక అంటించే "రేడియేషన్ ఆపే" బిళ్ల ఒకటి తెచ్చింది. రూపాయి బిళ్లంత ఉంది. కవచమంటే చుట్టూ మూసుకోవాలి కదా! పోనీ నిజంగానే ఆపితే, ఫోను ఎలా మోగుతుంది? ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను గానీ, మీరు మాత్రం డబ్బు పోసి కొనకండి.

ఇండక్షన్ పొయ్యి సంగతి వేరు. గిన్నెని వేడిచేయాలంటే దాని అయస్కాంత క్షేత్రం పైకి రావాల్సిందే, దాన్ని మూసేయలేం. గిన్నె చిన్నదైనా పక్కకి జరిగినా ఇంకాస్త బయటికి వస్తుంది. అందుకని దాన్ని అటు గట్టు మీదికి మార్చి, 60 సెంటీమీటర్లకి నేలమీద సుద్దగీత గీశాను. అత్తయ్యగారు ఓవెన్‌లో పాలు తనే వెచ్చబెట్టుకుంటున్నారు, పోపు తనే వేస్తున్నారు. గీత చూసి మాత్రం "లక్ష్మణరేఖ గీశావుటే?" అంటారు. ఆ పొయ్యి మీద పప్పు రుచే రాదని, దాటాల్సిన అవసరం తనకేమీ లేదని కూడా అంటారు.