ఉపసంహార విద్య

కర్మారంభానికి ఎంత విధి ఉందో, కర్మోపసంహారానికీ అంత విధి ఉంది. ఆవాహన చేసినవాడే ఉద్వాసన చెప్పాలి. కంప్యూటర్ ప్రోగ్రాములలోనూ ఇదే ధర్మం వర్తిస్తుందని హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అన్నగారి కుమారుడు వివరించాడు.

ఒక ప్రోగ్రాము తన పనిని అనేక థ్రెడ్లకు పంచి ఏకకాలంలో చేయిస్తుంది. వాటిలో ఒకదాని పని ఇక అనవసరమైతే ఆపడం ఎలా? జావా భాషలో తొలుత ‘స్టాప్’ అనే ఆజ్ఞ ఉండేది. అది థ్రెడ్‌ను ఉన్నచోటనే ఖండించేది. ఆ థ్రెడ్ పట్టుకున్న తాళాలన్నీ తత్‌క్షణమే విడిపోయేవి. సగం మారిన సమాచారాన్ని ఇతర థ్రెడ్లు పూర్ణమని భ్రమించి స్వీకరించేవి. ఒక ఖాతా నుండి ధనం తీసి, రెండవ ఖాతాలో జమ చేయకముందే పని ఆగినట్లన్నమాట. అందుకే 1998లో వచ్చిన జావా 1.2 ఆ ఆజ్ఞను వర్జనీయమని ప్రకటించింది.

దానికి బదులుగా వాడవలసినది ‘ఇంటరప్ట్’. అది ఖండనం కాదు, విజ్ఞాపనం. నిద్రాణమైన థ్రెడ్‌ను కూడా అది మేల్కొల్పుతుంది. థ్రెడ్ ఆ సంజ్ఞను గమనించి, చేతిలోని పనిని సురక్షిత స్థితికి చేర్చి, తాళాలు విడిచి, తానే విరమించాలి. నియోగించినవాడు అంతవరకు వేచి ఉండాలి.

జహీరాబాద్‌లోని మా ఆలయంలో రుద్రాభిషేకవేళ జరిగేదీ ఇదే. నమకంలో పదకొండు అనువాకాలు. మధ్యలో ఆపవలసివస్తే ఆచార్యుడు చేతితో సంజ్ఞ చేస్తాడు. ఋత్విక్కులు నడుస్తున్న అనువాకాన్ని ముగించి ఆగుతారు. కన్నులు మూసుకొని పఠించేవానికి సంజ్ఞ అందదు. అందుకే ప్రతి అనువాకాంతంలో ఆచార్యుని వైపు చూడాలని మా గురువులు నేర్పారు.

మహాభారత సౌప్తికపర్వంలో అర్జునుడు, అశ్వత్థామ ఇద్దరికీ బ్రహ్మాస్త్ర ప్రయోగం తెలుసు; ఉపసంహారం అర్జునునికే సాధ్యమైంది. రెండవవాని అస్త్రం గర్భస్థ శిశువుపై పడింది.

ఇటీవల ఒక యువకుడు వచ్చి, “అయ్యగారూ, అన్నీ విడిచి కాశీకి వెళ్ళిపోతాను” అన్నాడు. ఇంట్లో వృద్ధమాత, పైగా తీరని అప్పు. “నాయనా, నీ చేతిలోని తాళాలు ఎవరికి అప్పగించావు?” అని అడిగాను. సమాధానం లేదు. మోహంతో విహితకర్మను విడవడం తామస త్యాగమని గీత పదునెనిమిదవ అధ్యాయం చెబుతోంది. వైరాగ్యం కలగడం సంజ్ఞ అందడం మాత్రమే. విరమించవలసిన చోటు దాని తరువాత వస్తుంది.

అయితే ఆ సంజ్ఞను ఎన్నడూ గమనించక, అనువాకం వెనుక అనువాకం పఠిస్తూ పోయేవాడు కూడా ఉపసంహార విద్య ఎరుగనివాడే. తల నెరిసిన గృహస్థులమైన మనం ముందుగా ఆలోచించవలసింది అదే.

స్వస్తి.