లారీకి వెల్డింగ్ కొట్టే ముందు బ్యాటరీ వైరు తీయండి

ఇయ్యాల చెప్పేది డ్రైవర్లకూ, వెల్డర్లకూ, మా లాంటి సైటు సూపర్‌వైజర్లకూ పనికొచ్చే ముచ్చట. కొంచెం పొడుగే ఉంటది, ఓపికతో చదవండి.

మేము సౌదీలో దమ్మాం దిక్కు రోడ్డు పని మీద ఉన్నం. పోయిన నెల మేము ఇంకో సైటులో కాంక్రీటు పోయిస్తున్నప్పుడు, ఇక్కడ ఒక టిప్పర్ వెనక తలుపు కొండీ పగిలింది. వర్క్‌షాప్‌కు పంపితే ఒక రోజు పని ఆగుతదని ఆఫీసు వాళ్లు అక్కడికక్కడే వెల్డింగ్ కొట్టించారు. అతుకు గట్టిగనే పడ్డది. కానీ బండి స్టార్ట్ చేస్తే ఏబీఎస్ లైటు ఆరలేదు, మీటర్ ముల్లు ఊగుతనే ఉంది. తెల్లారి చూస్తే బ్యాటరీలు రెండూ డౌన్.

ఆ బండి నడిపేది జగిత్యాల దిక్కు తమ్ముడు. వచ్చి ఎనిమిది నెలలే. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. "బండి నీ చేతిలో ఉన్నది, రిపేరు ఖర్చు నీ జీతంలో కోస్తం, సంతకం పెట్టు" అని కాగితం ఇచ్చారట. ఆ రాత్రి పిల్లగాడు అన్నం ముట్టలేదు. సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకు అని చెప్పినం.

శుక్రవారం సెలవు పూట మా క్యాంపులో ఉండే ఆటో ఎలక్ట్రీషియన్‌ను తీసుకుపోయినం. ఫ్యూజులన్నీ బాగనే ఉన్నయి. ఆల్టర్నేటర్ ఇప్పితే లోపల డయోడ్లు పోయినయి. అవి పోతే ఇంజిన్ బందు చేసినా బ్యాటరీ కరెంటు వెనక్కి కారిపోతనే ఉంటది. ఏబీఎస్ కంప్యూటర్ బాక్సుకు పోయే ఎర్త్ పిన్ను నల్లగ మాడింది. ముందు బంపర్ మీద ఎర్త్ క్లాంప్ పెట్టిన మచ్చ, అది కూడా పెయింటు మీదనే.

సంగతి ఏందంటే, లారీ కరెంటు 24 వోల్టులు. లోపల చాలా సెన్సార్లకు 5 వోల్టులే. వెల్డింగ్ మిషన్ రాడ్ అంటించక ముందు 60 నుంచి 80 వోల్టుల దాకా ఉంటది, అంటించినంక వంద ఆంపియర్ల పైన పారుతది. ఆ కరెంటు తిరిగి క్లాంప్‌కు చేరాలె. అతుకు వెనక, క్లాంప్ ముందు, మధ్యల పెయింటు. సక్కని దారి లేకుంటే కాలువ నీళ్లు గండి దొరికిన కాడల్లా పారినట్టు వైర్లలో, బాక్సులలో, బేరింగులలో దూరుతది.

అందుకే ఇట్ల చేయాలె. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలె, తర్వాత పాజిటివ్. మెయిన్ స్విచ్ బందు చేస్తే సరిపోదు. ఇంజిన్, ఏబీఎస్ బాక్సుల ప్లగ్గులు, ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీయాలె. క్లాంప్‌ను పెయింటు గీకిన ఇనుము మీద, అతుకుకు వీలైనంత దగ్గర పెట్టాలె. ఆ రెంటి మధ్య బేరింగు గానీ, హైడ్రాలిక్ జాకీ గానీ రావద్దు. డీజిల్ ట్యాంకు దగ్గర, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడొద్దు, బ్యాటరీ గ్యాసు కూడా అంటుకుంటది. తిరిగి బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున.

ఇంకో మాట. సౌదీ లేబర్ చట్టం 91వ ఆర్టికల్ ప్రకారం కార్మికుడి తప్పు వల్లనో, యజమాని చెప్పింది వినకపోవడం వల్లనో మిషన్ చెడితేనే జీతంలో కోయొచ్చు. అదీ నెలకు ఐదు రోజుల జీతం దాటొద్దు. వేరే వాళ్ల తప్పుకు కోయరాదు.

ఫోటోలు పెట్టి, ఇదంతా ఒక కాగితం మీద రాసి పెద్ద ఇంజనీరుకు ఇచ్చినం. నేరం వెల్డర్ మీదికి పోతదేమోనని మాకు భయం. ఆయన బిహార్ పిల్లగాడు, ఆయనా అప్పు చేసి వచ్చినోడే. బ్యాటరీ తీయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పకుండనే తొందర పెట్టారు. ఒక గరీబోన్ని బతికించడానికి ఇంకో గరీబోన్ని ముంచితే అది న్యాయం కాదు. ఆ మాట కూడా అదే కాగితంలో రాసినం.

ఇంజనీరు చదివి ఏమీ అనలేదు. నెలాఖరుకు ఇద్దరి జీతాలూ పూర్తిగా పడ్డయి.

ఇప్పుడు మా సైటులో ఈ జాగ్రత్తలు హిందీలో, తెలుగులో రాసి వెల్డింగ్ మిషన్‌కే అంటించినం. అరగంట పని. మీ సైటులో కూడా అంటించండి.